చక్కెర డబ్బా చేతులు మారిన శుక్రవారం

మా మేనత్త పిసినారిదని భివండి కామత్‌ఘర్ సందుల్లో పేరు. ఆ మాట అన్నవాళ్ళతో నేను చిన్నప్పటి నుంచీ కొట్లాడుతూనే ఉన్నాను. ఆమె బిస్సీలో అన్నం మారు అడగక్కర్లేదు, కంచంలో కాస్త ఖాళీ కనిపిస్తే చాలు గరిటె వచ్చి వాలుతుంది. శుక్రవారం కోడికూరలో ముక్కల కోసం ఎవరూ వేళ్ళతో వెతుక్కోరు. కానీ చాయ దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి బిగుసుకుపోతుంది. చక్కెర వేయకుండా చాయ కాస్తుంది. గ్లాసుల్లో పోశాక, మోకాలి పక్కన పెట్టుకున్న డబ్బా మూత తీసి ఒక్కొక్కరికీ తన చేత్తోనే వేస్తుంది. ఆ డబ్బా మీద ఇంకొకరి చెయ్యి పడకూడదు. కొత్తగా వచ్చినవాళ్ళు "ఏంది పెద్దమ్మా, గింత శక్కెరకు గింత కావలా?" అని నవ్వుతారు. పాతవాళ్ళు నవ్వరు, వాళ్ళకు సంగతి తెలుసు.

బిస్సీ అంటే ఏమిటో భివండి ఎరగనివాళ్ళకు చెప్పాలి. సాంచెల మీద పనిచేసే ఒంటరి మగవాళ్ళు రెండు పూటలా వచ్చి, నేల మీద వరసగా కూర్చుని, ఒకే పొయ్యి మీద వండింది తిని పోయే ఇల్లు అది. సాంచె అంటే పవర్‌లూమ్. కరీంనగర్ వైపు నుంచి మా అత్తా మామా ఈ ఊరికి వచ్చినప్పుడు మామ సాంచె పట్టాడు, అత్త పొయ్యి పట్టింది. మామ పోయాక కూడా పొయ్యి ఆరలేదు. మా నాన్న ఆమెకు తమ్ముడు కాబట్టి మేమూ ఆ పొగలోనే పెరిగాం. ఇప్పటికీ నా పాత చీరలు కొన్ని పోపు వాసన కొడతాయి.

ఇక చక్కెర సంగతి. మా ఊళ్ళో దగ్గు లేనివాళ్ళు దగ్గుమందు తాగడం కొన్నేళ్ళ కింద మొదలైంది. సాంచెల మోతలో పన్నెండు గంటలు నిలబడి వచ్చిన మనిషికి ఇంటికి వచ్చినా చెవుల్లో ఆ మోత ఆగదు. ఒక సీసా సిరప్ గుటుక్కున మింగితే ఆగుతుందని ఎవరో చెబుతారు. ఆగుతుంది కూడా, అదే దాని దుర్మార్గం. తర్వాత సీసా లేకపోతే సాంచె దగ్గర నిలబడలేరు. అలా తాగినవాడు అన్నం సగంలో వదిలేస్తాడు, కూర్చున్నచోటే కునుకుతాడు, చేతులు గోక్కుంటాడు. తీపి మీద మాత్రం ఎక్కడలేని ఆశ పుడుతుంది, చాయలో చక్కెర మీద చక్కెర అడుగుతాడు. కంటి మధ్య పాప ఆవగింజంత అవుతుంది. ఇదంతా మా అత్త ఏ డాక్టరు దగ్గరా నేర్చుకోలేదు. తన కొడుకు ముఖంలో చదివి నేర్చుకుంది.

ఆమె ఒక్కగానొక్క కొడుకు నాకు బావ. చెడిపోయిన సాంచెను చేత్తో తడిమి బాగుచేసే పనిమంతుడు. శాంతి నగర్‌లో ఏ సేఠ్ సాంచె మొరాయించినా బావకే కబురు. చిన్నప్పుడు మా ఇద్దరినీ ఒకరికొకరమని అంతా ఆటపట్టించేవాళ్ళు. నేను చదువుకుని కల్యాణ్‌లో ఒక బళ్ళో పంతులును పెళ్ళి చేసుకున్నాను, బావ సాంచెలను చేసుకున్నాడు. ఆ తర్వాతే సిరప్ ఆయన్ను పట్టుకుంది. ఆ రోజుల గురించి నేను ఎక్కువ రాయను. మా అత్త ఆ రోజుల్లో నవ్వడం మరిచిపోయిందని మాత్రం చెబుతాను. చివరికి బావ తనంతట తానే వచ్చి మా కేంద్రం మెట్ల మీద కూర్చుని, "మరదలా, నాతోటి అయితలేదు" అన్నాడు. సిరప్ మానేశాడు. మానేసి ఏడాది దాటింది.

మా కేంద్రం అన్నాను కదా, అది శాంతి నగర్‌లో రెండు గదుల చోటు. మత్తు మానాలనుకునేవాళ్ళకు అక్కడ సాయం చేస్తాం. దాంతోపాటు ఊళ్ళోకి కొత్తగా ఏ మత్తు వస్తోంది, ఏది తగ్గింది అని ఒక కన్ను వేసి ఉంచుతాం. దీనికి మాకు కళ్ళూ చెవులూ బిస్సీలు నడిపే ఆడవాళ్ళే. ఈ ఆలోచన నాదని గర్వంగా చెప్పుకుంటాను, ఎవరైనా కాదంటే ఊరుకోను. శుక్రవారం సాంచెలు బంద్ కాబట్టి ఆ రోజు బిస్సీలన్నీ తిరుగుతాను. వాళ్ళతో నాకు ఒకటే ఒప్పందం: "పేరొద్దు, కంచం జెప్పుండ్రి." ఏ ఇంట్లో కంచాలు సగం అన్నంతో లేస్తున్నాయో చెబితే చాలు, ఎవరి కంచమో నాకు అక్కర్లేదు. పేరు బయటికి పోతే పోలీసులు వస్తారు, సేఠ్ పనిలోంచి తీసేస్తాడు, మర్నాటి నుంచి ఎవడూ మా కళ్ళ ముందు ఉన్నదున్నట్టు తినడు.

ఒకరోజు ముంబైలో మా పెద్ద ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. యూరప్‌లో చాలా దేశాలు కలిసి ఒక యూనియన్ పెట్టుకున్నాయి కదా, అందులో చేరాలని బయట వరసలో నిలబడ్డ దేశాలు కొన్ని ఉన్నాయి. చేరేముందు ఆ దేశాలు తమ ఇంటి సంగతులన్నీ సరిచేసుకుని చూపించాలి. మత్తుమందుల మీద నిఘా ఎలా పెడుతున్నారన్నది కూడా ఆ చూపించాల్సిన వాటిలో ఒకటి. యూనియన్ తరఫున నేర్పేవాళ్ళు, వరసలో ఉన్న దేశాల తరఫున నేర్చుకునేవాళ్ళు కలిసి ముంబైలో ఒక సదస్సుకు వచ్చారు. చిన్న ఊళ్ళో ఈ పని ఎలా చేస్తారో చూడాలని వాళ్ళలో ఇద్దరు అడిగారట. మా బిస్సీల సంగతి ఎవరో చెప్పారట. శుక్రవారం తీసుకొస్తాం, భోజనం కూడా అక్కడే అన్నారు.

నేను పరిగెత్తుకుంటూ అత్త దగ్గరికి పోయాను. ఆమె ఉల్లిగడ్డలు కోస్తూ అంతా విని, కత్తిపీట ఆపింది.

"గా యూనియన్ల చేరాల్నంటె ఏం జెయ్యాలె?"

"మా ఇంట్ల అన్ని మంచిగున్నయని చూపియ్యాలె అత్తా."

"ఎవలు జూస్తరు?"

"యూనియనోల్లే ఒచ్చి జూస్తరు. ఏటేటా జూసి రాస్తరు. ఇది మంచిగైంది, ఇదింక కాలె అని."

"మంచిగనే జేస్తున్నరు," అంది అత్త, తృప్తిగా మళ్ళీ కోస్తూ. "జూడకుంటె ఎట్ల? ఇడిసిపెడ్తె ఆగమైతరు."

అక్కణ్ణుంచి బావను పిలవడానికి కార్ఖానాకు వెళ్ళాను. ఆయన ఒక సాంచె కింద దూరి ఉన్నాడు, కాళ్ళు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. ఆ కాళ్ళతోనే మాట్లాడాను. శుక్రవారం అతిథులు వస్తున్నారని, నువ్వు ఉంటే బాగుంటుందని అన్నాను. బావ బయటికి వచ్చి చేతుల నూనె గుడ్డకు తుడుచుకున్నాడు.

"ఇచల్‌కరంజిల ఒక సేఠ్ పిలుస్తుండు. దసరా కాంగనే పోత," అన్నాడు.

ఇచల్‌కరంజి కూడా సాంచెల ఊరే, కానీ అక్కడ మాకు ఎవరూ లేరు. సాయంత్రం పని దిగి ఒంటరి గదికి పోయే దారిలో ఎన్ని మందుల దుకాణాలుంటాయో నాకు తెలుసు, ఆయనకు ఇంకా బాగా తెలుసు.

"అత్తకు చెప్పినవా?"

"చెప్తె ఏమైతది? ముందుగాల నా కండ్లు జూస్తది." నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు. "పొద్దుగాల జూస్తది, పగటీలి జూస్తది, మాపటికి జూస్తది. నా కండ్లల్లకు జూస్తది గని నన్ను జూస్తలేదు మరదలా. ఏడాది దాటింది. ఒక్కనాడన్న నా కండ్లు జూడకుంట చాయ పోస్తె, నేను యాడికి పోను."

అదీ సంగతి. బావకు కావలసింది అంతే, తల్లి చూపు ఒక్కటి తప్పిపోవాలి. నేను మాత్రం ఏం చేయను? "కొడుకును నమ్ము" అని మా అత్తతో అనే ధైర్యం కామత్‌ఘర్‌లో ఎవరికీ లేదు. రెండు మూడుసార్లు నేను మెల్లగా ఎత్తితే, "నువ్వు మోసినవా వాన్ని, నేను మోసిన్నా?" అని నోరు మూయించింది. ఆ శుక్రవారం బావ వస్తాడో రాడో కూడా తెలియకుండానే ఇంటికి పోయాను.

అతిథులు ఇద్దరు. ఒకావిడ యూనియన్ తరఫు మనిషి, తెల్ల జుట్టు, మెడలో గొలుసుకు వేలాడే కళ్ళజోడు. ఏటేటా దేశాలకు వెళ్ళి చూసి రాసే పని ఆవిడదే. రెండో ఆయన వరసలో నిలబడ్డ ఒక కొండల దేశం నుంచి వచ్చాడు. గడకర్రంత పొడుగు, పాలలాంటి రంగు. ఆవిడ అడిగే ప్రశ్నలకు తన దేశం తరఫున జవాబులు రాసేది ఈయనే. ఇద్దరికీ మంచి స్నేహం. దారంతా ఒకరినొకరు ఏడిపించుకుంటూనే ఉన్నారు.

ధామన్కర్ నాకా కూడలి దగ్గర వాళ్ళ కారు ఇరుక్కుపోయింది. మా సందుల్లోకి అంత పెద్ద కారు ఎలాగూ రాదు కాబట్టి షేర్ ఆటో ఎక్కించాను. ఆయన మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. ఆటో అతను వెనక్కి తిరిగి, "సాబ్‌ను మడతపెట్టి తెచ్చిండ్రా ఏంది?" అని నన్ను అడిగాడు. అతనూ మా వైపు వాడే. నేను అనువాదం చేయలేదు. ఆయన ఆ కుదుపుల్లోనే ఒకసారి కునుకు తీశాడు. విమానం దిగినప్పటి నుంచీ నిద్ర లేదట, పగలేదో రాత్రేదో శరీరానికి తెలియడం లేదట.

బిస్సీలో ఆ రోజు పండగ కళ. శుక్రవారం కదా, అందరూ తలంటుకుని, ఉతికిన చొక్కాలు వేసుకుని ఉన్నారు. అతిథులు నేల మీదే కూర్చుంటామన్నారు. ఆవిడ చక్కగా కూర్చుంది కానీ ఆయన కాళ్ళు ఎటు పెట్టుకోవాలో తెలియక అవస్థ పడ్డాడు. ఎదురు వరసలో చివర్న బావ కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, పిలిచావు కాబట్టి వచ్చాను అన్నట్టు తల ఊపాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

వడ్డన మొదలైంది. జొన్నరొట్టె, కోడికూర, పచ్చిపులుసు, అన్నం. ఆవిడ ముక్కు తుడుచుకుంటూ, కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ, అయినా ఆపకుండా తింది. ఆయన మాత్రం మొదటి ముద్దకే ఎర్రబడి, నీళ్ళు తాగి, కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాడు. అన్నం సగం అలాగే మిగిలింది. నేను ఆవిడ ప్రశ్నలకు జవాబు చెప్పడంలో మునిగిపోయి, అత్త గరిటె పట్టుకుని ఆ కంచం దగ్గర ఆగిపోవడం చూడలేదు.

తర్వాత చాయ వచ్చింది. అత్త అలవాటు ప్రకారం తన చేత్తో ఆయన గ్లాసులో ఒక చెంచా వేసింది. ఆయన తాగి, వేలు చూపించి ఇంకొంచెం అన్నాడు. వేసింది. రుచి చూసి మళ్ళీ వేలు చూపించాడు. అప్పుడు నేను ఆవిడకు చెబుతున్నది మా ఊళ్ళో బిస్సీల పద్ధతి గురించి, తీపి అడిగేవాళ్ళను ఎలా గమనిస్తామో అని. ఆవిడ శ్రద్ధగా వింటోంది. అదే సమయంలో నా పక్కనే ఆయన మూడోసారి వేలు చూపించి, చేతి మీద దోమకాట్లను బరబరా గోక్కుని, ఆవులించి, గోడకు తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

అత్త డబ్బా కింద పెట్టింది.

ఆమె లేచి ఆయన ముందు గొంతుక్కూర్చుంది. గడ్డం కింద చెయ్యి పెట్టి, మా వాళ్ళందరికీ చేసినట్టే, ఆయన ముఖాన్ని వాకిలి వెలుగు వైపు తిప్పింది. ఆయన కళ్ళు లేత నీలం. పుట్టి బుద్ధెరిగాక నల్ల కళ్ళు తప్ప అంత దగ్గరగా చూడని మనిషి మా అత్త. అంత వెలుగులో, అంత లేత రంగు మధ్యలో, చిన్న నల్లటి చుక్క ఒక్కటే ఆమెకు కనిపించింది.

"కోడలా!" అని కేక వేసింది. "వీడు తాగినోడే!"

బిస్సీ మొత్తం బిగుసుకుపోయింది. కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే ఉన్నారు, ఎవరి గ్లాసూ పెదవి దాకా పోలేదు. పేరు చెప్పొద్దని ఇన్నేళ్ళు నేను ఊరంతా చెప్పుకొచ్చిన మాట గాలికి పోయింది.

"ఇంత దూరం ఒచ్చి గిదేం పని బిడ్డా?" అని అత్త ఆయన్ను పట్టుకుని ఊపేస్తోంది. "సదువుకున్నోనివి, కోటేసుకున్నోనివి. ఏ దుకాణంల కొన్నవు? నీ తల్లికి తెలుసా? గామెకు నిద్ర పడ్తదా?"

ఆయన బెదిరిపోయి నా వైపు చూశాడు. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, "ఏమంటున్నారు?" అంది. నేను ఒక్క క్షణం దేవుళ్ళందరికీ మొక్కుకుని, "మీ అమ్మగారి ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతోంది" అని ఇంగ్లీషులో చెప్పాను. ఆయన అయోమయంగా, "బాగుంది, థాంక్యూ" అన్నాడు. అత్త ఆ థాంక్యూ విని ఇంకా మండిపడింది. "జూడు, ఎట్ల నవ్వుతున్నడో! గదే, గదే నవ్వు!"

అప్పుడు వరస చివర్నుంచి ఒక నవ్వు వినిపించింది. బావది. మొదట ముక్కుతో నవ్వాడు, తర్వాత గ్లాసు కింద పెట్టి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆయన అలా నవ్వడం నేను మళ్ళీ ఎన్నేళ్ళకు విన్నానో! లేచి వచ్చి, అతిథి పక్కన చతికిలబడి, తెలుగులోనే మొదలుపెట్టాడు. నన్ను ఒక్క మాట కూడా మార్చకుండా ఇంగ్లీషులో చెప్పమన్నాడు. నేను చెప్పాను.

"సార్, మా అమ్మ మీరు సిరప్ తాగిండ్రని పట్టుకుంది. భయపడకుండ్రి, నన్ను రోజు గిట్లనే పట్టుకుంటది. నేను తాగేటోన్ని. ఇడిసిపెట్టి ఏడాది దాటింది. అయినా నా కండ్లు జూడకుంట చాయ పొయ్యది."

అందరి ముందూ బావ ఆ మాట అనడం అదే మొదటిసారి. తాగేటోన్ని అన్నాడు, తల దించుకోకుండా అన్నాడు. ఎదురు వరసలో ఉన్నవాళ్ళలో ఒకరిద్దరు తమ గ్లాసుల్లోకి చూసుకున్నారు. నేను అనువాదం పూర్తిచేశాను.

ఆ పొడుగాయన విన్నాడు. ముందు ఆవిడ వైపు చూశాడు, తర్వాత దోమకాట్లు చూపించి, పడుకున్నట్టు చెంప కింద చెయ్యి పెట్టి చూపించి, చివరికి తానూ పగలబడి నవ్వాడు. మా దేశంలో చాయ ఇలాగే తాగుతాం, చెంచా నిలబడేంత తియ్యగా ఉండాలి అన్నాడు. ఆవిడ కళ్ళజోడు తీసి కన్నీళ్ళు తుడుచుకుంటోంది, ఈసారి కారం వల్ల కాదు. "ఇది నా రిపోర్టులో రాయొచ్చా?" అని ఆయన్ను ఏడిపించింది. దాంతో బిస్సీ అంతా నవ్వు అందుకుంది. మా అత్త ఒక్కతే నవ్వలేదు. ఆయన కళ్ళల్లోకి అనుమానంగా ఇంకోసారి చూసి, "గట్ల పుట్టినయా గా కండ్లు?" అని నన్ను అడిగింది.

"గట్లనే పుట్టినయత్తా."

"నాకేం తెలుసు," అని గొణిగింది.

ఆయన బావ భుజం మీద చెయ్యి వేశాడు. "తమ్ముడూ, నీదీ మా దేశానిదీ ఒకటే కథ," అన్నాడు. "నేను బడికి పోయే రోజుల్లో మా దేశం యూనియన్ వాకిట్లో నిలబడింది, నాకు నడినెత్తి మీద జుట్టు పోయింది, మా దేశం ఇంకా అక్కడే ఉంది. ప్రతి ఏడూ ఈవిడ వస్తారు, మా కళ్ళల్లోకి చూస్తారు, బాగుపడ్డారు, అయితే ఇంకా చూడాలి అని రాసి పోతారు. వచ్చే ఏడు మళ్ళీ వస్తారు." ఇదంతా నవ్వుతూనే చెప్పాడు కానీ చివర్లో నవ్వు కొంచెం తగ్గింది.

నేను తెలుగులో చెబుతుంటే అత్త చెవులు రిక్కించి విన్నది. ఆమె సంగతి నాకు తెలుసు, అన్యాయం అనిపిస్తే ఎవరి దేశమైనా ఒకటే. చర్రున ఆవిడ వైపు తిరిగింది.

"గదేంది? మంచిగైండ్రని నువ్వే రాస్తివాయె. మంచిగైనంక గూడ ఇంక వాకిట్లనే నిలవెడ్తరా? గదేం న్యాయం?"

నేను అనువాదం చేయడానికి నోరు తెరిచి, మూసుకున్నాను. ఎందుకంటే బిస్సీలో ఉన్న తలలన్నీ ఒక్కొక్కటే బావ వైపు తిరిగాయి. బావ మాత్రం నేల మీద చాప అంచు సరిచేస్తున్నాడు.

ఆవిడ నా చెయ్యి తట్టి, ఆమె ఏమందో చెప్పమంది. చెప్పాను. ఆవిడ అత్త వైపే చూస్తూ నెమ్మదిగా చెప్పింది. "చేర్చుకునేది నేను కాదమ్మా, చూసి రాయడమే నా పని. నాకు చూడటం నేర్పారు. ఎంత చూశాక చాలు అనుకోవాలో మాత్రం ఎవరూ నేర్పలేదు."

ఆ మాటను నేను అత్తకు తెలుగులో చెప్పాను. అత్త పైట చెంగుతో ముఖం తుడుచుకుంది. ఆ తుడవడంలో చెమట ఎంతో కన్నీళ్ళు ఎంతో నేను చెప్పలేను. తర్వాత తన చోటికి పోయి కూర్చుని, చక్కెర డబ్బా తీసి, మూతతో సహా ఆ పొడుగాయన ముందుకు నేల మీద జరిపింది.

"ఏసుకోమను. ఎంతగావాల్నో ఏసుకోమను."

మా బిస్సీలో అలాంటిది జరగడం నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు. ఆయనకు ఆ సంగతి తెలియదు కాబట్టి హాయిగా చెంచా మీద చెంచా వేసుకున్నాడు. కలిపి, తాగి, కళ్ళు మూసుకుని ఒక నిట్టూర్పు విడిచాడు. వాళ్ళ దేశంలో డబ్బా ఒకరు తీసుకున్నాక పక్కవాడికి ఇస్తారట. అలవాటు ప్రకారం ఆయన దాన్ని పక్కకు అందించాడు. పక్కన ఉన్నది బావ.

బావ చేతుల్లో డబ్బా ఉంది. ఆయన దాన్ని పట్టుకున్న తీరు, వేడి గిన్నె పట్టుకున్నట్టు ఉంది. కింద పెట్టాలో చేతిలో ఉంచుకోవాలో తెలియక తల్లి వైపు చూశాడు. అత్త పొయ్యి వైపు తిరిగి, ఆరిపోయిన పొయ్యిలో కట్టె సర్దుతోంది.

"ఏంది జూస్తున్నవు?" అంది, అటు తిరిగే. "ఏసుకో. చాయ సల్లారుతది."

బావ వేసుకున్నాడు. కొంచెం చాప మీద ఒలికింది. ఒక గుక్క తాగి ముఖం చిట్లించాడు. ఏడాదిగా ఒక్క చెంచాకు అలవాటు పడ్డ నోరు కదా.

"అమ్మా, మస్తు తియ్యగైంది!" అన్నాడు.

అప్పుడు మా అత్త నవ్వింది. అటు తిరిగి, భుజాలు ఊగేలా నవ్వింది. "గందుకే గదరా, నేను ఏస్త అన్నది," అంది. నేను అందరి ముందూ ఏడ్చేశాను. ఆ తెల్లజుట్టావిడ, ఇక అనువాదం అవసరం లేదన్నట్టు, నాకు తన చేతిరుమాలు ఇచ్చింది.

వాళ్ళు వెళ్ళిపోయాక బావ నన్ను ఆటో దాకా సాగనంపాడు. నాకా దగ్గర గోల మధ్య నిలబడి, "ఇచల్‌కరంజి సేఠ్‌కు ఫోన్ జేస్త," అన్నాడు. నేను ఏమని చెబుతావని అడగలేదు. "అమ్మకు మాత్రం చెప్పకు, నేను పోదామనుకున్న అని," అన్నాడు. "ఖాలీపీలీ, ఉత్తగనే మళ్ల నా కండ్లు జూస్తది." ఇద్దరం నవ్వుకున్నాం. దసరా వచ్చింది, పోయింది. బావ ఇక్కడే ఉన్నాడు.

ఆ పొడుగాయన నాకు అప్పుడప్పుడూ రాస్తుంటాడు. బిస్సీల పద్ధతి చూశాక తమ దేశంలో గనుల దగ్గర క్యాంటీన్లు నడిపే ఆడవాళ్ళతో ఇలాంటి పనే మొదలుపెట్టారట. అక్కడ కూడా పేరు అడగరట, కంచమే అడుగుతారట. ఆ ఉత్తరం చదివిన రోజు నేను కామత్‌ఘర్ అంతా తలెత్తుకుని తిరిగాను. ఎదురొచ్చిన ప్రతి మనిషికీ చెప్పాను. మా ఆయన విసుక్కునే దాకా చెప్పాను.

ఇప్పుడు అత్త బిస్సీలో చక్కెర డబ్బా ఆమె మోకాలి దగ్గర ఉండదు. శుక్రవారం పూట వరసల మధ్య తిరుగుతూ చక్కెర వేసేది బావ. ఎవరైనా ఇంకొంచెం ఇంకొంచెం అంటే వేస్తాడు. వేసి, పక్కనే కూర్చుని, "ఏమైంది భాయి, నిద్ర పడ్తలేదా?" అని మెల్లగా మాట కలుపుతాడు. కళ్ళల్లోకి చూడడు. మా కేంద్రం మెట్ల దాకా ఆయన వెంట వచ్చినవాళ్ళు ఉన్నారు.

పోయిన శుక్రవారం నేను వెళ్ళినప్పుడు అత్త ఎప్పటిలాగే అడిగింది, "గా నీలికండ్ల పిలగాన్ని చేర్చుకున్నరా?"

"ఇంక లేదత్తా."

"చేర్చుకోకుంటె మానె," అంది. గ్లాసు పట్టిన చెయ్యి అలవాటుగా పక్కకు చాచింది. "మన బువ్వబంతిల వానికి జాగ ఉన్నదని రాయి."

బావ వంగి ఆ గ్లాసులో చక్కెర వేశాడు. ఎంత వేశాడో అత్త చూడలేదు. నాతో మాట్లాడుతూనే తాగేసింది.